వినోద ఒంటి వేడి, బాలలక్ష్మి ఇంటి ఫ్యాను

బాలలక్ష్మి ఇంటి ముందరి గదిలో ఫ్యాను ఉంది. ఉన్నదంటే ఉన్నది, అంతే. పగటిపూట దాన్ని తిప్పిన మొనగాడు ఆ వాడలో ఇంకా పుట్టలేదు. పగలంతా ఆ గదిలో ఏడుగురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చేస్తారు. ఫ్యాను తిరిగిందంటే చాటలోని తంబాకు లేచి కళ్లల్లో పడుతుంది. తడిపి ఉంచిన తునికాకు ఎండిపోయి, చుట్టబోతే పటుక్కున విరుగుతుంది. అందుకే నడి ఎండాకాలంలో కూడా చెమటలు కక్కుకుంటూ కూర్చుంటారే తప్ప మీట మీద చెయ్యి వెయ్యరు. కోరుట్ల చుట్టుపక్కల బీడీలు చేసే ఏ ఇంట్లోనైనా ఇదే చట్టం. దీన్ని ఎవరూ రాయలేదు, ఎవరూ తప్పలేదు.

అటువంటి గదిలో, మాఘమాసం చలికి కుక్కలు పొయ్యి బూడిదలో ముడుచుకుని పడుకునే రోజుల్లో, ఒక గురువారం పొద్దున వినోద లేచి వెళ్లి ఫ్యాను మీట నొక్కింది.

"ఓయమ్మో, కండ్లు! కండ్లు వోయినయ్!"

"ఎవలే అది? చెయ్యిరిగిపోను!"

ఏడు చాటల తంబాకు ఒక్కసారి లేచింది. తుమ్ములు, దగ్గులు, తిట్లు కలగలిసిపోయాయి. ఇంటామె బాలలక్ష్మి దగ్గుతూనే లేచి మీట ఆపింది. ఆ గదికి ఆమె పెద్ద దిక్కు. వినోద కంటే ఒక్క ఏడాదే పెద్దది, కానీ మాట మాత్రం పదేళ్లు పెద్దగా ఉంటుంది.

"వినోదా, నీకేమన్న సోయున్నదా? పొద్దటిసంది కత్తిరిచ్చిన ఆకు మొత్తం ఎండిపాయె!"

"ఒల్లు మండుతాంది అక్కా. పెనం మీద కూసున్నట్టున్నది. ఒక్క నిమిషం తిరగనిస్తే మీ సొమ్మేం వోయింది?"

"గింత చలిల మంటేందే నీకు? మేం శాలువలు కప్పుకొని చేస్తున్నం!"

"కప్పుకోండ్రి. నాకు చీర గూడ బరువే అనిపిస్తాంది."

ముసలి బుచ్చవ్వ తప్ప అందరూ ముఖాలు చిట్లించుకున్నారు. బుచ్చవ్వ మాత్రం పళ్లు లేని నోటితో నవ్వింది. ఆమె నవ్వుకు ఆ గదిలో విలువ లేదు. డెబ్బై దాటినవాళ్లు దేనికైనా నవ్వుతారని వాళ్ల లెక్క.

వినోదకు ఆ మంట ఎలా వస్తుందో మాటల్లో చెప్పడం రాదు. రొమ్ముల కింద ఎవరో పిడక అంటించినట్టు మొదలవుతుంది. మెడ మీదికి పాకుతుంది, చెవులు కాలుతాయి, గుండె దడదడ కొట్టుకుంటుంది. రవిక వెన్నుకు అతుక్కుపోతుంది. ఇంతా చేసి నాలుగు నిమిషాలు ఉంటుందో ఉండదో, పోతుంది. పోయాక తడిసిన రవికతో చలికి వణుకు. రోజుకు ఎనిమిది, పది సార్లు. నెల రావడం ఆగి ఎనిమిది నెలలు. నలభై తొమ్మిదేళ్ల వయసు. ఈ మూడు ముక్కలు పక్కపక్కన పెట్టుకుంటే సంగతేమిటో గోడకైనా తెలుస్తుంది. కానీ గోడను ఎవరు అడుగుతారు, మనుషులనే అడుగుతారు. అక్కడే వచ్చింది తంటా.

వినోద సామాన్యురాలు కాదు. తొమ్మిదేళ్లకు తల్లి పక్కన కూర్చుని బీడీ చుట్టడం నేర్చింది. సంబంధం చూడవచ్చిన కాబోయే అత్త ఆమె ముఖం చూడలేదు, నడక చూడలేదు. ఒళ్లో చాట పెట్టి, గోడ గడియారం చూస్తూ కూర్చుంది. అరగంట అయ్యాక, "రంగు జర తక్కువే గానీ వేళ్లు మంచిగున్నయ్" అని తాంబూలం తీసుకుంది. పెళ్లయిన మూడేళ్లకు మొగుడు అంతయ్య మస్కట్ పోయాడు. ఇరవై ఏళ్లు అక్కడే ఉండి తిరిగొచ్చాడు. ఇద్దరు ఆడపిల్లల్ని పెంచింది, చదివించింది, పెళ్లిళ్లు చేసింది ఈ వేళ్లే. నిండు చూలాలై కూర్చున్న రోజుల్లోనూ, చికెన్ గున్యాతో కీళ్లు పట్టేసిన వానాకాలంలోనూ రోజుకు వెయ్యి బీడీలు తగ్గలేదు. వెయ్యి తగ్గితే ఆమె వినోదే కాదు. అలాంటిది ఈ ఎనిమిది నెలల్లో ఆరువందలకు దిగింది. దారం కట్టబోతే చెమటకు వేళ్లు జారుతున్నాయి. నిద్ర లేక, చుట్టినవాటిని లెక్కపెట్టబోతే మధ్యలో మతి తప్పుతుంది. కార్ఖానాలో బీడీలు చూసి తీసుకునే మనిషి మొన్న ఆమె కట్టలోంచి గుప్పెడు తీసి పక్కన పడేశాడు. నలభై ఏళ్లలో మొదటిసారి. ఆ గుప్పెడు బీడీలు వినోద గుండెల మీద పడ్డాయి.

అందుకని కనబడ్డవాళ్లనల్లా అడిగింది. నాకెందుకు ఇట్లైతాందని. తంబాకు వేడి కిందికి దిగి గర్భసంచిలో చేరుతుందని గంగామణి చెప్పింది. గంగామణి గోడ మూల కూర్చుని బీడీలు చేసే మనిషి. నోరు తెరిస్తే జబ్బులే మాట్లాడుతుంది. గుడ్లు మానెయ్యమని మొగుడు చెప్పాడు. గుడ్లు మానేసింది. సబ్జా గింజలు తాగమన్నారు, తాగింది. నెత్తిన ఆముదం పెట్టమన్నారు. చలికాలం ఆముదం పెట్టుకుంటే ఏమవుతుంది? వేడి తగ్గలేదు, పైనుంచి జలుబు చేసింది. జలుబుకు దగ్గు వచ్చింది. దగ్గితే ఇంకో చిక్కు. దగ్గిన ప్రతిసారీ చుక్క మూత్రం జారి లంగా తడుస్తుంది. దగ్గు వస్తుందనగానే రెండు మోకాళ్లూ దగ్గరికి బిగించి కూర్చోవడం నేర్చుకుంది. గదిలో ఇంకో ముగ్గురు కూడా దగ్గేముందు మోకాళ్లు బిగిస్తారు. ఒకరిది ఒకరు చూస్తారు. ఎవరూ ఎవరినీ అడగరు. అదీ మన ఆడవాళ్ల తెలివి.

చివరికి ఊళ్లో సూదులు వేసే కుమార్ దగ్గరికి పోయింది. ఊరంతా అతన్ని డాక్టర్ అంటుంది. అతను వద్దనడు. ఒకప్పుడు పట్నం దవఖానలో మందులు అందించిన చెయ్యి, ఇప్పుడు ఇక్కడ అందరి పిరుదులకూ దేవుడైంది. వినోద చెప్పింది సగం విన్నాడో లేదో, తేల్చేశాడు.

"వదినె, చెడు రక్తం బయటికి వోతలేదు. లోపల్నే గడ్డ కడ్తాంది. సంచి తీపిచ్చెయ్యి. లేకుంటే రేపు క్యాన్సర్ అయితది, నా మీదికి రావద్దు."

"పరీక్ష గిట్ల ఏం లేదా?"

"నలభై తొమ్మిదేండ్లకు సంచితోని నీకేం పనున్నదని పరీక్ష? సోమారం పొద్దుగాల ఆటో పంపిస్త. పట్నంల అన్నీ మాట్లాడి పెట్టిన."

ఆ సోమవారానికి ఇక నాలుగు రోజులే ఉన్నాయి. వినోదకు కత్తి అంటే భయం. వాడలో ఎంతమందితో నోటికి నోరు ఇచ్చిన మనిషైనా, బల్ల మీద పడుకోబెట్టి కడుపు కోస్తారంటే చిన్నపిల్ల అయిపోతుంది. ఆ మాట పైకి అనడం మాత్రం పరువు తక్కువ. ఎందుకంటే ఆ గదిలో ఏడుగురిలో నలుగురు ఎప్పుడో సంచి తీయించుకున్నవాళ్లే. అందరికంటే ముందు బాలలక్ష్మి, పద్దెనిమిదేళ్ల కింద, ముప్పై రెండేళ్ల వయసులో. తర్వాత ఎవరు పోయినా తోడు ఆమే పోయేది. బ్యాగులో ఏ చీర పెట్టాలి, కుట్లు ఇప్పేదాకా ఏం తినాలి, అంతా ఆమె నోటనే ఉంటుంది. ఏదో తిరుపతి యాత్రకు తీసుకుపోయినట్టు తీసుకుపోతుంది.

"పనైపోయినంక సంచెందుకే ఇంట్ల, అటక మీద పాత బుట్ట లెక్క?" అంటుంది. అందరూ నవ్వుతారు. వినోద కూడా నవ్వింది, ఇదివరకు.

ఫ్యాను గొడవ జరిగిన రోజే మధ్యాహ్నం లిడియా వచ్చింది. లిడియా ఆ ఊరి సబ్‌సెంటర్‌లో నర్సు. బుచ్చవ్వ మనవరాలు. చేతిలో బీపీ మిషను, చంకలో రిజిస్టరు. ముప్పై ఏళ్లు వచ్చినవాళ్లందరికీ బీపీ, షుగర్ చూడాలని తిరుగుతోంది. వినోద చేతికి పట్టీ కట్టి, ముఖం చూసి అడిగింది.

"అక్కా, గింత చెమటేంది? నెల ఎప్పుడచ్చింది?"

"ఆగి ఎనిమిది నెలలాయె. సోమారం తీపిచ్చుకుంటన్న."

"ఏం తీపిచ్చుకుంటన్నవ్?"

"ఏందేంది? సంచి!"

లిడియా పట్టీ ఊడదీసి అక్కడే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "ఎందుకక్కా? నెత్తురు మస్తు వోయిందా? గడ్డ ఉన్నదన్నరా? స్కానింగ్ చేసిండ్రా?"

"ఏం చెయ్యలే. వేడి. మంట. నిద్ర లేదు. కుమార్ చెప్పిండు, చెడు రక్తం లోపల..."

"చెడు రక్తం లేదు గిడు రక్తం లేదు. నీకు ముట్లుడుగుతన్నయ్, గంతే. ఈ ఈడుకు అందరికీ ఉడుగుతయ్. ఒంట్ల ఆడతనం ఇచ్చే రసం తగ్గుతది, గందుకే గీ వేడి, చెమట, దడ, కోపం, నిద్ర లేకపోవుడు. బిమారి కాదు."

"గట్లైతే ఎన్ని దినాలుంటది?"

"ఒక్కొక్కలకు ఒక్కో తీరు. కొందరికి ఏడాది రెండేండ్లు, కొందరికి ఏడెనిమిదేండ్లు."

"ఏడెనిమిదేండ్లా! గిది మంచి మాటనా నువ్వు చెప్పేది?"

"ఉన్న మాట. దినాం గిట్లనే ఉండదు, మెల్లగ తగ్గుతది. బాగ సతాయిస్తే మందులున్నయ్, డాక్టరమ్మ చూసి నీకు పడ్తయో లేదో చెప్తది. గానీ సంచి తీస్తే వేడి వోదక్కా. వేడి సంచిది కాదు. రసం తయారయ్యేది పక్కనున్న అండాశయాల్ల. సంచితోని అవి గూడ తీసేసిండ్రనుకో, మెల్లగ వచ్చేది ఒక్కసారే వచ్చి మీద వడ్తది."

కత్తెరలు ఆగాయి. బాలలక్ష్మి చాట దించి కింద పెట్టింది.

"లిడియమ్మా, నీకు పెండ్లి గూడ కాలే. మాకు ముట్లుడుగుడు చెప్తవా? నేను తీపిచ్చుకోలేదా? సచ్చిన్నా? గంగామణి సచ్చిందా? నలుగురం మంచిగనే ఉన్నం కదనే!"

"పెద్దమ్మా, నీకు అండాశయాలు గూడ తీసిండ్రా? దవఖాన కాయిదం ఉన్నదా?"

"కాయిదం ఏడ వోయిందో ఎవలకెరుక! బీపీ చూసి పో, పనున్నది మాకు."

బుచ్చవ్వ కల్పించుకుంది. "మా అప్పుడు ఈ సంచి తీసుడు ఏడున్నది? నాకు ఉడిగినప్పుడు నాట్లు వేసే పొలంలనే బురదల కూసున్న. ఊరంత నవ్విండ్రు, మల్ల లేచి నాట్లేసిన. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, గీ కోతలెందుకే మీకు?"

"నువ్వూకో అవ్వా. నీ మనుమరాలని మెచ్చుకుంటన్నవా?" అన్నది గంగామణి, మూల నుంచి.

లిడియా లేచింది. కోపం వచ్చినా మింగింది. గడపలో ఆగి వినోదను మాత్రమే చూస్తూ చెప్పింది.

"అక్కా, ఒక్కటి యాదిపెట్టుకో. ఏడాది నిండేదాకా నెల మల్ల రావచ్చు, భయపడకు. ఏడాది దాటినంక నెత్తురు చుక్క కనవడితే మాత్రం ఒక్క దినం ఆగద్దు, దవఖానకు ఉరకాలె. అది వేరే ముచ్చట. గిది మాత్రం కోయించుకునే ముచ్చట కాదు."

ఆ పిల్ల పోయాక వినోద బాలలక్ష్మి వైపు జరిగింది. "అక్కా, నిజం చెప్పు. తీపిచ్చుకున్నంక నీకు వేడి పోయిందా?"

"పోయింది పో. పని చెయ్యి, ఆకు ఎండుతాంది" అన్నది బాలలక్ష్మి. తల ఎత్తలేదు.

చదువుకున్న పిల్ల మాట ఒకవైపు, ముప్పై ఏళ్లు పక్కన కూర్చున్న మనిషి మాట ఒకవైపు. వినోద ఎటు మొగ్గుతుంది? మనిషి వైపే మొగ్గింది. మనవాళ్లంతా అంతే. కాగితం కంటే కళ్ల ముందరి మనిషిని నమ్ముతారు. ఆ మనిషి అబద్ధం చెప్తుందని ఎవరనుకుంటారు?

ఆ రాత్రి ఇంట్లో ఇంకో పంచాయితీ. అంతయ్య రెండు చెద్దర్లు కప్పుకుని, చెవులకు మఫ్లర్ కట్టుకుని పడుకున్నాడు. వినోద తలుపు బార్లా తెరిచింది.

"తలుపెయ్యవే, పానం వోతాంది!"

"నాది లోపల్నుంచి వోతాంది. నీది బయటినుంచే కదా, ఇంకో చెద్దరు కప్పుకో."

"ఇరువై ఏండ్లు మస్కట్ ఎండల పని చేసిన. ఒక్కనాడన్న గిట్ల ఒర్లిన్నా?"

"నువ్వు ఎండల ఉన్నవ్. నాకు లోపల్నే ఎండున్నది. తేడా తెల్వదా?"

అంతయ్య లేచి కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. కానీ పరేషాన్ అయితే ఆలోచన ఒక్క దారినే పోయే మనిషి. "సోమారం తీసేస్తే పీడ వోతది కదనే. ఊకె ఫికర్ జేస్తవు."

"నీ పన్ను నొస్తే దవడ తీసేస్తరా?"

"కుమార్ చెప్పిండు..."

"కుమార్‌కు ఒక సంచి ఉంటే తెలుస్తుండె!"

అంతయ్య మళ్లీ పడుకున్నాడు. వినోద గడపలో చలిగాలికి కూర్చుంది. ఈ మొగుడితో ఒక్క మాట చెప్పాలని ఉంది, నాకు భయమైతాందని. ఆ ఒక్క మాట గొంతులోంచి రాలేదు. ఇరవై ఏళ్లు ఫోనులో "మంచిగనే ఉన్నం" అని చెప్పిన గొంతు అది. దానికి ఇంకో మాట రాదు.

ఆదివారం సాయంత్రం, పొద్దు గూకకముందే, వినోద బాలలక్ష్మి ఇంటికి పోయింది. నైటీలు రెండు పెట్టుకోవాలా, మూడా, ప్లాస్కు తనదే తేవాలా అని అడుగుదామని. ఆదివారం పని ఉండదు. తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల గరగరమని చప్పుడు. ఏం చప్పుడని ఒక నిమిషం అర్థం కాలేదు. మొన్న గురువారం తప్ప ఆ గదిలో ఎన్నడూ వినని చప్పుడు. తలుపు తోసింది.

ఫ్యాను తిరుగుతోంది. కింద బాలలక్ష్మి, పైట తీసేసి, కాళ్లు చాపుకుని కూర్చుంది. ముఖం చింతనిప్పులా ఉంది. మెడకు తడిబట్ట చుట్టుకుంది. మామూలు బట్ట కాదు, తునికాకు తడి ఆరకుండా చుట్టిపెట్టే గోనెపట్టా. మూలన చాటలన్నీ బోర్లించి ఉన్నాయి, ఆకు కట్టలు బక్కెట్ కింద మూసి ఉన్నాయి. ఇది ఈ రోజు కొత్తగా వచ్చిన తెలివి కాదు. అన్నీ వాటి వాటి చోట అమర్చినట్టున్నాయి.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. బాలలక్ష్మి పైట కోసం చెయ్యి చాపింది గానీ, ఆ చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

"ఎప్పటిసంది?" అన్నది వినోద.

"తలుపెయ్యి."

"ఎప్పటిసందే?"

"కుట్లు ఇప్పిన పదిహేను దినాలకు మొదలైంది."

"పద్దెనిమిదేండ్లా!"

"మొదట్ల దినాం ఇరువై సార్లు. ముప్పై రెండేండ్లే కదనే నాకు. మా అత్త దేవరొచ్చిందని యాపమండలు వట్టింది. ఇప్పుడు తగ్గింది. పోయిందనుకుంట, మల్ల వస్తది. నడుము గూడ గప్పటిసందే వంగింది." ఆమె లేచి ట్రంకుపెట్టె తెరిచి, చీరల అడుగు నుంచి మడతలు నలిగిన కాగితం తీసింది. "లిడియా అడిగిన కాయిదం గిదే. కింది అంచుకాడ తెలుగుల ఏదో రాసున్నది. నా బిడ్డతోని సదివిచ్చిన. రెండు పక్కలవి గూడ తీసిండ్రట. మాకెవలూ చెప్పలే. చెప్పినా మాకేం తెలుస్తది?"

"మరి మాకెందుకు చెప్పలే?"

బాలలక్ష్మి గోడకు ఆనుకుంది. "నా బిడ్డ కాయిదం సదివేటప్పటికే గంగామణిని తోల్కపోయిన. తర్వాత ఈ గదిల ఇద్దరిని, వాడల ఇద్దరిని. ఐదుగురు. నేను తప్పు చేసిన అని ఏ ముఖం పెట్టుకొని చెప్పాలె? ఒకరికి చెప్తే ఐదుగురికి చెప్పాలె. ఐదుగురి మొగోళ్లు నా మీదికి రారా?"

"నన్ను ఆరోదాన్ని చేస్తుంటివి కదనే!"

"చేస్తుంటి."

"ముప్పై ఏండ్లు పక్కపక్కన కూసున్నం! నీ చాటలకెళ్లి నాకు, నా చాటలకెళ్లి నీకు తంబాకు ఇచ్చుకున్నం! గురువారం నేను అడిగితే తల లేపకుండ పోయింది అంటివి! నీ నోట్ల దుమ్ము వడ!"

"తిట్టు. తిట్టు. నాకు గూడ జర తేలికైతది."

వినోదకు ఏడుపు రాలేదు. ఏడుపు వస్తే బాగుండేది. ఒంట్లో మంట లేచింది. కోపానిదో, ఈడుదో, ఎవరికి తెలుసు? ఆమె వంగి బాలలక్ష్మి మెడ మీది తడిపట్టా లాక్కుని తన మెడకు చుట్టుకుంది. తంబాకు వాసనకు ముక్కు అదిరింది. ఇద్దరూ ఫ్యాను కింద కూర్చున్నారు. ఆ తర్వాత మళ్లీ తిట్టుకున్నారు. దీపం పెట్టే వేళ అయ్యేదాకా తిట్టుకున్నారు.

ఇల్లు చేరాక వినోద అంతయ్యతో చెప్పింది. "నాకు కోతంటే భయమైతాంది. పోను." అంతయ్య ఆమె ముఖం చూశాడు. "భయమైతే ముందే చెప్పద్దా పిచ్చిదానా?" అన్నాడు. అంత సులువు. ఒకే ఇంట్లో ఉండి, ఆ మాట చెప్పడానికి ఇన్నాళ్లు పట్టింది.

సోమవారం పొద్దున ఆటో బాలలక్ష్మి ఇంటి ముందుకు వచ్చింది. వెనక బండి మీద కుమార్ వచ్చాడు. బాలలక్ష్మి తన గడపలోనే నిలబడి ఉంది, చేతులు నడుముకు పెట్టుకుని.

"వస్తలేదు" అన్నది.

"అక్కా, గిదేం మాట? నేను అక్కడ చెప్పి పెట్టిన. నా ఇజ్జత్ ఏంగావాలె?"

"నీ ఇజ్జత్ కొరకు నా చెల్లె కడుపు కోయాల్నా? ఆడోళ్ల సంచులు చెట్టు కాయలనుకుంటన్నవా, తెంపుకపోవుడే పని!"

"రేపు క్యాన్సర్ అయితే..."

"అయితదో కాదో చూసేటోళ్లు ఉన్నరు. వాళ్ల దగ్గరికే వోతన్నం." లోపల వినోద పక్కన, రాత్రే కబురు పెట్టి పిలిపించిన లిడియా ఉంది. బాలలక్ష్మి అటు చూసి కేకేసింది. "లిడియమ్మా, వచ్చిన ఆటో ఉత్తగ ఎందుకు వోవాలె, ఎక్కుండ్రి!"

సర్కారు దవఖానలో డాక్టరమ్మ స్కానింగ్ చేసింది. నెత్తురు తీసి పరీక్షకు పంపింది. థైరాయిడ్ కూడా చూడాలన్నది. గర్భసంచి శుభ్రంగా ఉంది, గడ్డలేవీ లేవు. పొద్దున కాసేపు ఎండలో నడవమన్నది, పాలు, రాగిజావ తాగమన్నది. దగ్గినప్పుడు మూత్రం జారకుండా కింది కండరాలు బిగించి వదిలే కసరత్తు చెప్పింది. కూర్చుని బీడీలు చేస్తూ కూడా చేయవచ్చట. మంట తట్టుకోలేకపోతే మందుల సంగతి పరీక్షలన్నీ వచ్చాక చూద్దామన్నది. లిడియా గురువారం చెప్పినదే దాదాపు అంతా. లిడియా ఒక్క మాట అనలేదు గానీ, ఆ పిల్ల ముఖం చూస్తే వినోదకే సిగ్గనిపించింది. బాలలక్ష్మి నలిగిన కాగితాన్ని డాక్టరమ్మ రెండుసార్లు చదివింది. ఇన్నేళ్లు ఆ రసం లేక ఎముకలు గుల్లబారి ఉంటాయని ఎముకల పరీక్ష రాసిచ్చింది.

బుధవారం పొద్దున గదిలో ఏడుగురూ కూర్చున్నాక బాలలక్ష్మి చాట పట్టుకోలేదు. పద్దెనిమిదేళ్ల సంగతి మొత్తం చెప్పింది. చెప్తుంటే ఎవరి కత్తెరా ఆడలేదు. గంగామణి ఒక్కతే తలవంచుకుని ఆకు కత్తిరించబోయి వేలు కోసుకుంది. మీదికి రావడానికి మొగుళ్లదాకా పోనక్కర్లేకపోయింది. ఆడవాళ్లే నోరారా తిట్టారు. తిట్లన్నీ బాలలక్ష్మి తిన్నది.

చివరికి ఆమె కొత్త చట్టం చెప్పింది. "ఇయ్యాల్టిసంది ఎవలకు మంటొస్తే వాళ్లు చెప్పాలె. చెప్పంగనే అందరు చాట మీద ఇంకో చాట బోర్లియ్యాలె, ఆకు మీద పట్టా కప్పాలె. ఫ్యాను నాలుగు నిమిషాలు తిరుగుతది. మల్ల పని. ఎవలన్న నకరాలు చేస్తే నా గదిల కూసుండద్దు."

"గిట్లైతే వెయ్యి ఎప్పుడైతయే?" అని ఒకామె గొణిగింది.

"కాకుంటే కావు. వినోదే ఆరువందలు చేస్తాంది. దానికంటే మీరేమన్న గొప్పోళ్లా?"

వినోద ఆమెను గుర్రుగా చూసింది. ఆ ఆరువందల మాట ఇప్పుడు అవసరమా? ఎంత నిజమైనా.

గంట గడిచింది. అందరి కళ్లూ మధ్యమధ్య వినోద మీదే. ఎప్పుడు నోరు తెరుస్తుందా అని. వినోదకు ఏ మంటా లేదు. చూసి చూసి ఆమెకే చికాకు లేచింది. మనిషి ఒంటి వేడి కోసం జాతర చూసినట్టు చూస్తున్నారు.

అప్పుడు గోడ మూల నుంచి మాట వినబడింది. తల ఎత్తలేదు. గొంతు కూడా పెద్దది కాదు.

"చాటలు బోర్లియ్యుండ్రే."

గంగామణి. చెంపల మీదుగా చెమట దారలు కారుతున్నాయి. సంచి తీయించుకుని పదమూడేళ్లయిన గంగామణి.

"నీక్కూడానా?" అన్నది వినోద.

"నోరు మూసుకొని చాట మూయవే!"

ఏడు చాటల మీద ఏడు చాటలు బోర్లపడ్డాయి. బాలలక్ష్మి మీట నొక్కింది. ఫ్యాను గరగరలాడుతూ తిరిగింది. గంగామణి పైట దులుపుకుని పైకి ముఖమెత్తింది. ఇంకో మూల నుంచి ఇంకొకామె మెల్లగా జరిగి గాలి తగిలే చోటికి వచ్చింది. ఆమె వెనక ఇంకొకామె. ఎవరూ ఏమీ అడగలేదు. ఈసారి అడగవలసిన పని కూడా లేదు.

గోడకు ఒదిగిన బుచ్చవ్వ ఒక్కతే శాలువ నెత్తి మీదికి లాక్కుంది.

"మీ మంటలు సల్లారుడేమో గానీ, గీ ముసల్దాన్ని సలికి సంపుతరే ముండల్లారా" అని గొణిగింది.

"నాలుగు నిమిషాలే అవ్వా" అన్నది వినోద, గాలికి కళ్లు మూసుకుని.